చుట్టాలకొక గదంట!

2022 ఏప్రిల్లో మా డోన్ కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. ఒక్క ఉత్తర్వుతో ఊరంత ఊరు జిల్లా మారిపాయె. మావాడు కట్టబోయే ఇంట్లో చుట్టాల గది యాడుండాలన్నది మాత్రం మూడు నెలలు నానినా తెగలేదు.

మా రోజుల్లో ఈ మాటే లేదు. గుంతకల్లు, నంద్యాల, కర్నూలు దారులు కలిసే జంక్షను మాది. మీటరుగేజి కాలంలో బండి తప్పినోళ్లు, బండి మారాల్సినోళ్లు ఎవరైనా సరే, అర్ధరాత్రి వాకిట్లో మూట దించి "మామా" అంటే చాలు, చుట్టమే. మాయమ్మ రెండు జొన్నరొట్టెలు, ఇంత చెనిక్కాయల పొడి పెట్టేది. ఎండాకాలమైతే మిద్దెమీద చాప, చలికాలమైతే పడసాలలో బొంత, వానాకాలమైతే యాడ ఉరవకుంటే ఆడ. ఉరిసేది, అబద్ధమెందుకు. చౌడుమట్టి మిద్దె. వానలకు ముందు కొత్త చౌడు పోయకపోతే చినుకు చినుక్కీ ఒక గిన్నె పెట్టుకోని కూర్చునేదే. కానీ మే నెల మధ్యాన్నం ఆ మట్టి కింద పండుకుంటే బయట నిప్పులు కురుస్తున్నాయన్న సంగతే తెలిసేది కాదు. గవాచిలోంచి పడిన వెలుతురు గోడమీద యాడికి పాకిందో చూసి పొద్దు చెప్పేవాళ్లం.

ఇప్పుడు? వాస్తాయన వచ్చి నైరుతి యజమానికి, వాయవ్యం చుట్టాలకు అన్నాడు. ఎందుకయ్యా అంటే అది గాలిమూల, ఆడ పండుకున్నోళ్లు ఎక్కువ దినాలు నిలవరంట. చుట్టాన్ని పిలవకముందే పంపే ఉపాయం! ఇంజినీరేమో కింద జాగా చాలదు, ఆ మూలనే మేడమీద వేద్దామన్నాడు. మా అక్కకు డెబ్బై ఎనిమిదేండ్లు. మోకాళ్లు పట్టుకోని ఆమె ఆ మెట్లెక్కేలోగా తిరుగు బండి టైమవుతుంది.

వేస్తే కిందనే వెయ్యి, తలవాకిలి పక్కన, తూర్పుకు. రాత్రి దిగినోళ్లు ఇల్లంతా లేపకుండా పండుకుంటారు, పడమటెండ తగలదు అని చెప్తిని. "ఏసీ ఉంటుంది కదా నాయనా" అన్నాడు మావాడు. కరెంటు పోతే?

మొన్న మే నెలలో పెండ్లికని బేతంచెర్ల పోతిమి. సరిగ్గా అట్లాంటి గదే ఇచ్చినారు, మేడమీద, వాయవ్యం మూల. తొమ్మిదికి కరెంటు పాయె. గోడకు చెయ్యానిస్తే రొట్టెల పెనం. పైన స్లాబు ఇంకొక పెనం. నేను దిండు చంకన పెట్టుకోని కిందికి దిగి బండలమీద పండుకున్నా. బేతంచెర్ల బండ, వాళ్ల ఊరిదే కదా, నీళ్లకుండ మాదిరి చల్లగా ఉంది. పదకొండు దాటినాక మెట్లమీద చప్పుడు. మావాడు. వాని చంకలోనూ దిండు. నోరెత్తకుండా వచ్చి నా పక్కన ఒరిగినాడు.

పొద్దున్నే ఇంజినీరుకు ఫోన్ చేసినాడు. వాస్తాయనకు మాత్రం ఇంకా చెప్పలేదు.