మొహమాటానికి కేలరీలెన్ని?

తెలుగునాట డైటు సోమవారమే మొదలవుతుంది. కనక ఆదివారం నాడు తిండికి వీడ్కోలు సభ తప్పదు. రేపటి నుంచి ముట్టనని ఒట్టేసుకున్న పాపానికి బిర్యానీ ఇవాళ రెండు ప్లేట్లవుతుంది. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. టొరంటో పరిశోధకులు 2002లోనే ఈ అలవాటుకి శాస్త్రీయ హోదా ఇచ్చేశారు. ఎప్పుడూ నోరు కట్టుకునే వాళ్లని పిలిచి, వారం పాటు డైటు చేయాలని చెప్పి, ఆపైన రుచి చూడమని తినుబండారాలు ముందు పెట్టారు. డైటు సంగతి చెప్పని రకం కంటే వీళ్లే ఎక్కువ లాగించారు. డైటు ఇంకా మొదలే కాలేదు, బరువు పెంచే పని మాత్రం మొదలెట్టేసింది.

నిగ్రహం అనగానే అందరూ స్టాన్‌ఫర్డ్ పిల్లల కథ చెబుతారు. 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నర్సరీ పిల్లల ముందు మార్ష్‌మాలో లాంటి మిఠాయి పెట్టించాడు. తినకుండా ఆగితే రెండు ఇస్తామని చెప్పి, చెప్పినవాళ్లు గదిలోంచి వెళ్లిపోయారు. మన లెక్కలో ఆ ప్రయోగం చెల్లదు. ఇక్కడ మిఠాయి పెట్టినవాళ్లు ఎక్కడికీ వెళ్లరు. ఎదురుగా కూర్చుంటారు.

"తీసుకోండి అన్నయ్యగారూ, ఒక్కటి."

"వద్దమ్మా, డాక్టరు మానెయ్యమన్నారు."

"డాక్టర్లు అలాగే అంటారండీ. మా బావగారికీ అలాగే అన్నారు."

ఆ బావగారు ఇప్పుడెలా ఉన్నారని అడక్కూడదు. అడిగేలోపు పూతరేకు పళ్లెంలో ఉంటుంది. "బరువేముందండీ, కాగితమే కదా!" అంటారు. పైగా అది ఆత్రేయపురం సరుకు, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాదంటే అది మీ ఆరోగ్య సమస్యగా ఆగదు, గోదావరి జిల్లాలకే అవమానం. పంచదారని సందేహిస్తే "అబ్బే, బెల్లం" అంటారు. బెల్లమైతే ఒంటికి పట్టదని మన వాళ్లకి గట్టి నమ్మకం.

మన ఆతిథ్యశాస్త్రంలో మొదటి 'వద్దు' మర్యాద, రెండోది మొహమాటం, మూడోది పొగరు. నిజంగా వద్దనుకునేవాడికి నాలుగో 'వద్దు' ఏదీ మిగల్లేదు.

1998లో అమెరికాలో బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం నిగ్రహం మీదే ఇంకో ప్రయోగం చేసింది. ఘుమఘుమలాడే చాక్లెట్ కుకీలు ఎదురుగా పెట్టి, కొందరిని ముల్లంగి మాత్రమే తినమన్నారు. తర్వాత ఒక తెగని చిక్కుముడి ఇస్తే ముల్లంగి బాధితులు కుకీలు తిన్నవాళ్ల కంటే చాలా ముందే చేతులెత్తేశారు. నిగ్రహం వాడేకొద్దీ ఖర్చయిపోతుందని తేల్చారు. 2016లో ఇరవైకి పైగా ప్రయోగశాలలు కలిసి మరో పద్ధతిలో పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. సిద్ధాంతం బీటలు వారింది గాని, "ఆఫీసులో పొద్దస్తమానం ఓర్చుకున్నాను, ఇక పకోడీ దగ్గర కూడానా?" అనే సాకు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇలాంటి సాకుల్లో మనదే అగ్రతాంబూలం. శనివారం ఒక్కపొద్దునే చూడండి. రాత్రికి అన్నం ముట్టరు. ముట్టరు కాబట్టి ఉప్మా చేస్తారు. ఉత్త ఉప్మా గొంతు దిగదు కాబట్టి జీడిపప్పు, నెయ్యి పడతాయి. అది టిఫినే గాని భోజనం కాదు కనక రెండు దోసెలు తోడవుతాయి. పైన అరటిపళ్లు, గ్లాసెడు పాలు. అంతా అయ్యాక ఇంటాయన్ని చూసి ఇల్లాలు "పాపం, ఒక్కపొద్దు, నీరసించిపోయారు" అంటుంది. ఆయన నిజంగానే నీరసంగా ముఖం పెడతాడు. ఈ ఒక్కపొద్దుకే ఇప్పుడు చిరుధాన్యాల అవతారం వచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో కొర్రల బిర్యానీకి, రాగి లడ్డుకి అంతర్జాతీయ అండ దొరికింది. అవి మంచివే. అంత మంచివని తెలిశాకే కదా రెండింతలు తింటున్నాం! పొద్దున్నే వాకింగ్ చేసే పార్కుల గేటు దగ్గరే టిఫిన్ బండి ఎందుకుంటుందో బండివాడికి తెలిసినంతగా ఏ శాస్త్రవేత్తకీ తెలియదు.

తప్పు ఒకసారి జరిగిందా, ఇక దానికి హద్దుండదు. 1975 నాటి ఒక ప్రయోగంలో నోరు కట్టుకునే వాళ్లకి ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ పెడితే, తాగనివాళ్ల కంటే ఎక్కువ తిన్నారు. మునిగినవాడికి చలేమిటని మన పెద్దలు ఏ ప్రయోగశాలా లేకుండానే చెప్పేశారు.

ఇంతకీ స్టాన్‌ఫర్డ్‌లో నెగ్గిన పిల్లలు ఏం చేశారు? మిఠాయి కళ్లలోకి ధీరోదాత్తంగా చూడలేదు. కళ్లు మూసుకున్నారు, అటు తిరిగారు, పాటలు పాడుకున్నారు. మిఠాయి కంటికి కనిపించకుండా కప్పేస్తే చాలాసేపు ఆగగలిగారు. ఎదురుగా ఉంటే నిమిషాల్లో లొంగిపోయారు. అంటే పని చేసింది మూత. మన హాల్లో మాత్రం టీపాయ్ మీద మూడు అరల గాజు డబ్బా ఉంటుంది, లోపల జంతికలు బయటికి స్పష్టంగా కనబడేలా. దాని పక్కనే కూర్చోబెట్టి లావుపాటి మేనల్లుడికి సంకల్పబలం మీద ఉపన్యాసం ఇస్తాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. ఇంతమందికి ఒకే తరంలో, కూడబలుక్కున్నట్టు సంకల్పబలం పోయిందంటే నమ్మడం కష్టం. అయినా డాక్టరు దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరి మందూ ఒకటే: "మనసు గట్టి చేసుకోండి." చెప్పి, ప్లేటు ఇటు జరుపుతారు.

కాబట్టి అతిథిమర్యాదలో ఆరితేరిన పాఠకులకు ఒక మనవి. వచ్చినవాళ్లు వద్దంటే మొదటిసారే నమ్మండి. డబ్బా వంటింట్లోకి తీసుకెళ్లి మూత పెట్టండి. కావాలంటే వాళ్లే అడుగుతారు. అడగకపోతే నొచ్చుకోకండి.