గ్రంథసూచి ఎత్తిపోతల పథకం

తెలంగాణలో ఎత్తిపోతల అంటే అందరూ కాళేశ్వరం వైపు చూస్తారు. హైదరాబాద్ విద్యానగర్‌లో అంతకంటే పాత పథకం ఒకటుంది. దానికి మోటార్లు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు, పిల్లర్లు కుంగవు. పాత థీసిస్ చివరి పది పేజీలు ఎత్తి కొత్త థీసిస్ చివర పోస్తారు, అంతే. దాని పేరు ‘ఉపయుక్త గ్రంథసూచి’. ఎవరికి ఉపయుక్తమో అడగకూడదు.

ఉస్మానియాను ఆనుకున్న పేట కాబట్టి ఇక్కడ డీటీపీ సెంటర్లకు కొదవలేదు. సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు అక్కడ మాటలు ఇలా నడుస్తాయి. “అన్నా, వెనక పేజీలు ఇంకా కాలే.” “పోయినేడు చేసిన ఫైలుంది. సబ్జెక్టు అదేనా?” “జర దగ్గర్దే.” “ఇంకేంది మరి!” అయిదేళ్ల పరిశోధనకు పునాది అయిదు నిమిషాల్లో పడిపోతుంది. పునాది చివర్లో వేసే కట్టడం ఇదొక్కటే.

ఇదేమీ దొంగచాటు వ్యవహారం కాదు. యూజీసీ 2018లో ప్లేజియరిజం నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే క్షమిస్తుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేస్తుంది. అయితే ఆ లెక్కలోంచి గ్రంథసూచిని, కృతజ్ఞతలను మినహాయించింది. న్యాయమే. ఒకే పుస్తకాన్ని పదిమంది పేర్కొంటే పదిసార్లూ ఒకేలా ఉంటుంది కదా! కానీ మనవాళ్లకు అందులో వినిపించింది వేరు: ఈ పేజీల్లో పోలీసులు లేరు. ఇక నీటికేం కరువు? గాంధీనగర్‌లో (మన హైదరాబాద్‌ది కాదు, గుజరాత్‌ది) ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ‘శోధగంగ’లో దేశంలోని థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. పేరులోనే గంగ ఉంది, తోడుకున్నవాడికి తోడుకున్నంత.

నీళ్లతోపాటు బురదా వస్తుంది. సిమ్కిన్, రాయ్‌చౌధురీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కూర్చుని ఈ బురదనే కొలిచారు. ఒకరు పేజీ నంబరు తప్పు రాస్తే అదే తప్పు తర్వాతి వ్యాసాల్లో ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కగట్టి, పేర్కొన్నవాళ్లలో అసలు వ్యాసం చదివినవాళ్లు సుమారు 20 శాతమేనని అంచనా వేశారు. ఇంకో వింత ఉంది. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ రచయితలకు నమూనాగా వాన్‌డెర్‌గీర్ పేరుతో, 2000 నాటిదంటూ ఒక ఉత్తుత్తి వ్యాసాన్ని చూపించింది. అలాంటి వ్యాసమూ లేదు, పత్రికా లేదు. 2017లో చూస్తే దాదాపు 400 వ్యాసాలు దాన్ని ఆధారంగా చూపించాయి. దరఖాస్తులో ‘ఇక్కడ మీ పేరు రాయండి’ అని ఉంటే ఆ ముక్కనే పేరుగా రాసేవాళ్లు మన దగ్గరే ఉన్నారనుకుంటాం!

అవతల పద్ధతిగా రాద్దామనుకున్నవాడి అవస్థ వేరు. ఏపీఏ అనే రెఫరెన్సుల స్టైలు ప్రకారం ఇంటిపేరు ముందుకు రావాలి. రెఫరెన్సులు పేర్చే సాఫ్ట్‌వేరేమో చివరి ముక్కనే ఇంటిపేరనుకుంటుంది. దాంతో శ్రీశ్రీ ‘రావు, ఎస్. ఎస్.’ అయ్యాడు. విశ్వనాథ అనే ఇంటిపేరు ‘వి.’ అనే పొడి అక్షరంగా మిగిలి, సత్యనారాయణ ఇంటిపేరై కూర్చుంది. 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ రచయిత సురవరం ప్రతాపరెడ్డి ఇప్పుడు ‘రెడ్డి, ఎస్. పి.’. చూసినవాళ్లు ఏ జిల్లాకు ఎస్పీ అని అడిగినా తప్పులేదు. సాఫ్ట్‌వేరు మనింటి పేర్లను మింగేస్తుంటే, తెలుగు శాఖల్లోనూ దానికే దండం పెడుతున్నారు.

ఇంతా చేస్తే పుస్తకాలు దూరమా అంటే కాదు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ కుర్చీ దొరకడమే కష్టం, ఎందుకంటే గ్రూప్స్ అభ్యర్థులు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని పొద్దున్నే వచ్చేస్తారు.  గ్రంథసూచుల్లో తరతరాలుగా వెలుగుతున్న పుస్తకాలు మాత్రం బీరువాల్లో దుమ్ము పట్టి, తమకింత పేరున్న సంగతి తెలియక పడి ఉంటాయి.

చివరికి వైవా రోజు వస్తుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు బంగారు అక్షరాల బౌండు తెరిచి, నేరుగా వెనక పేజీలకు వెళ్తాడు. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతాడు. తన పుస్తకం దొరుకుతుంది, ఇనీషియల్ ఒకటి తప్పు. ఎర్రపెన్నుతో దిద్ది, చాలా శ్రమపడ్డారు అంటూ చాయ్ అందుకుంటాడు.