సిమ్మోపాఖ్యానము – టీకా తాత్పర్య సహితము

మూలము

ప్రియమైన కస్టమర్, రీఛార్జ్ లేనందున మీ సేవలు నిలిపివేయబడ్డాయి. నిరంతర సేవలు ఆనందించుటకు వెంటనే రీఛార్జ్ చేయండి.

అవతారిక

వావిళ్ల వారి పుస్తకాల్లో పద్యం నాలుగు పాదాలుంటే, కింద టీక పేజీన్నర ఉండేది. ఇక్కడ మూలం రెండే వాక్యాలు. కర్త అజ్ఞాతుడు. కాలం, మా నాన్న పోయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం. స్థలం, తెనాలిలో మా ఇంటి బీరువా మీద చార్జింగుకు పెట్టి ఉన్న నాన్న ఫోను. అది టింగుమంది. అమ్మ అది ఏ లోను వాళ్ల ప్రకటనో అనుకుని పప్పు ఏరుకుంటూ కూర్చుంది.

మన మెదక్ వైపు కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు రాశాడు. నేనలాంటి ఒట్లేమీ పెట్టుకోలేదు. కాళిదాసు కావ్యాల మీద ఆయన వ్యాఖ్యకు సంజీవని అని పేరు. నా వ్యాఖ్యకు ఆ పేరు పెట్టడం కుదరదు, నేను చూసేసరికే సిమ్ముకు ప్రాణం పోయింది. ఇక సిమ్ము, ఉపాఖ్యానము కలిపి గుణసంధి చేసినందుకు పండితులు దుష్టసమాసం అంటారు. అననివ్వండి, ఇంతకన్నా దుష్టమైనవి ముందున్నాయి.

ప్రతిపదార్థము

ప్రియమైన = ఇష్టమైన అని ఒక అర్థం, ఖరీదైన అని ఇంకో అర్థం. "చింతపండు ప్రియమైపోయిందిరా" అని అమ్మ అంటే ఆవిడకు చింతపండు మీద కొత్తగా ప్రేమ పుట్టిందని కాదు. ఇక్కడ రెండర్థాలూ పొసుగుతాయి కనుక శ్లేష. నెల అని చెప్పి 28 రోజులకే కోసేసి, ఏడాదికి పన్నెండు కావలసిన రీఛార్జీలు పదమూడు చేయించుకున్న వాళ్లకు మనం ఏ అర్థంలో ప్రియమో సహృదయులు గ్రహించగలరు. 30 రోజుల పథకం కనీసం ఒక్కటైనా పెట్టండయ్యా అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయే కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది, అదీ 2022లో.

కస్టమర్ = సంబోధన ప్రథమా విభక్తి, ఏకవచనం. ఎవరికి సంబోధన? సిమ్ము ఎవరి పేరున ఉందో వారికి. ఆయన వినే స్థితిలో లేరు.

రీఛార్జ్ లేనందున = హేతువు. ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగాలి. నాన్న ఆ నంబరు తీసుకున్న రోజుల్లో ఎవరైనా మనకు ఫోన్ చేస్తే మన డబ్బులే పోయేవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది, ఫోను నాన్న చొక్కా జేబులోకి ఎక్కింది. 2006లో 999 రూపాయలు కట్టి లైఫ్‌టైమ్ చేయించుకున్నాడు. ఇంటికొచ్చి "ఇక జీవితాంతం బెంగ లేదే" అని అమ్మతో చెప్పాడు. లైఫ్‌టైమ్ అన్న పదానికి అభిధార్థం జీవితకాలం. ఎవరి జీవితం? నాన్న తనదే అనుకున్నాడు. ఆ ఏడే ట్రాయ్ అసలర్థం విప్పి చెప్పింది, అది కంపెనీ లైసెన్సు ఉన్నంతకాలం అని. ఆ లైసెన్సు ఆయుర్దాయం 20 ఏళ్లు, ఆపైన రెన్యువలు. అంటే జాతకం చూపించాల్సింది నాన్నది కాదు, కంపెనీది. ఇంత చేసీ, 2018 చివర్లో ఇన్‌కమింగ్ రావాలన్నా నెలనెలా కనీసం ఇంత వెయ్యాలన్నారు. 35 రూపాయలతో మొదలైంది. నాన్న అప్పుడు కూడా ఏమీ అనలేదు. లైఫ్‌టైమ్ రసీదు మాత్రం బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం మధ్య పెట్టుకున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉంది.

మీ సేవలు = షష్ఠి. మీకు వాళ్లు చేసే సేవలా, వాళ్లకు మీరు చేసిన సేవలా? ఇక్కడ సందిగ్ధత ఉంది. రెండోదే యుక్తమని నా అభిప్రాయం.

నిలిపివేయబడ్డాయి = బడు చేర్చిన కర్మణి ప్రయోగం. తెలుగువాడు నోరు తెరిస్తే "ఆపేశారు" అంటాడు. అన్న వెంటనే "ఎవరు?" అన్న ప్రశ్న పుడుతుంది. "బడ్డాయి" అంటే ఆ ప్రశ్నే లేదు, వడగళ్లు పడ్డట్టు సేవలు ఆగిపడ్డాయి. వ్యాకరణం ప్రకారం ఇలాంటి వాక్యంలో కర్త "చేత" అంటూ రావాలి. ఎవరి చేత? మూలంలో ఆ పదం లోపించింది. క్రియ ఉంది, కర్త లేడు, కర్మ మాది.

అలాగని నాన్న ఈ ప్రయోగం ఎరగనివాడు కాదు. మా వీధి గేటుకు ఒక రేకు ముక్క వేలాడుతుంది. దాని మీద నీలం పెయింటుతో ఆయనే రాశాడు, "పై వాటా అద్దెకు ఇవ్వబడును" అని. చోటు చాలక చివరి "ను" రేకు అంచు మీద సగం ఒరిగి ఉంటుంది. ఇక్కడా కర్త లేడు. కానీ కింద పదంకెలున్నాయి. అవి నొక్కితే కర్త పలికేవాడు, అడ్వాన్సు దగ్గర బేరమాడేవాడు, మాంసాహారులైతే వెనక వంటిల్లు వాడుకోమనేవాడు. ఈ మెసేజి కింద ఏ నంబరూ లేదు. పంపినవాడి పేరుండాల్సిన చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు. వాటికి తిరిగి ఫోన్ చెయ్యలేం.

ఆనందించుటకు = దీనికి వ్యాఖ్య రాయడం నా వల్ల కాదు.

ఛందస్సు

మూలానికి లేదు, నంబరుకు ఉంది. నాన్న దాన్ని రెండు, మూడు, రెండు, మూడుగా విరిచి చదివేవాడు. అమ్మ అయిదు, అయిదుగా చదివేది. యతిస్థానం మారేసరికి, పాలవాడికి అమ్మ చెప్తున్నది తన నంబరేనని నాన్న పోల్చుకోలేక "ఎవరిదే అది?" అని లోపల్నుంచి అరిచేవాడు. మా అక్క పెళ్లి శుభలేఖ మీద, పాలవాడి పద్దు పుస్తకం అట్ట మీద, గ్యాసు కనెక్షన్లో, బ్యాంకులో, ఆధార్‌లో, మా చెల్లి పదో తరగతి హాల్‌టికెట్టు దరఖాస్తులో అదే నంబరు. ఇంట్లో అందరికీ వేరే ఫోన్లొచ్చాక కూడా, ఎవరైనా నంబరు అడిగితే ముందు నోటికొచ్చేది అదే.

తాత్పర్యము

ఓ చందాదారుడా, డబ్బు వెయ్యలేదు కాబట్టి నీ నంబరు పీకేశాం.

ఇంతే. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ప్రీపెయిడ్ సిమ్మును 90 రోజులు ఎవరూ వాడకపోయినా, బ్యాలెన్సులో 20 రూపాయలుంటే ఆ 20 తీసుకుని మరో 30 రోజులు నంబరు ఉంచాలని 2013 నుంచి నియమం. నాన్న బ్యాలెన్సులో పదిహేడున్నాయి. మూడు రూపాయలు! తెనాలిలో ఇవాళ మూడు రూపాయలకు టీ కూడా రాదు.

కొట్టుకు వెళ్లాను. కౌంటరు దగ్గర అమ్మాయి మర్యాదస్థురాలు. "సార్ స్వయంగా రావాలండి, వేలిముద్ర వెయ్యాలి" అంది. ఆయన లేరన్నాను. "అయ్యో, అయితే డెత్ సర్టిఫికెట్ తెచ్చి మీ పేరుకు మార్పించుకోవాల్సిందండీ" అంది. ఇప్పుడు తెస్తానన్నాను. కంప్యూటరు వైపు చూసి, "ఇప్పుడు నంబరే లేదండీ" అంది. మనిషి పోయినందుకు కాగితం ఉంది, నంబరు పోయినందుకు కాగితం ఇవ్వరట.

విశేషములు

మన ఇళ్లల్లో పోయినవాళ్లను పన్నెండో రోజుకే పితృదేవతల్లో కలిపేస్తాం. నంబరు అంతకంటే ఎక్కువ కాలం ప్రేతరూపంలో తిరుగుతుంది. ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు ఇంకొకరికి ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత పునర్జన్మ. పాత వాట్సాప్ చెరిపేసుకోవడం లాంటి జాగ్రత్తలు చందాదారుడే పడాలని కోర్టు అంది. చందాదారుడు మళ్లీ ఎవరో పైన ప్రతిపదార్థంలో చూడగలరు.

మా నంబరు నిర్మల్ దగ్గర ఒక పల్లెలో పుట్టింది. రాష్ట్రం 2014లో రెండైనా టెలికాం సర్కిల్ మాత్రం ఒకటే మరి. ట్రాక్టరు తోలే కుర్రాడు. మొదట్లో విసుక్కునేవాడు. మా చుట్టాలు ఫోన్ చేసి "బాబాయి ఉన్నాడా" అంటే "రాంగ్ నంబర్" అని పెట్టేసేవాడు. బ్యాంకులో, ఆధార్‌లో నంబరు మార్పించాను. గ్యాసుది మిగిలిపోయింది. ఏజెన్సీకి వెళ్దాం రమ్మంటే అమ్మ "రేపెళ్దాంలేరా" అంటుంది. ఏడాదిగా ఆ రేపు రాలేదు. బుకింగు నేను హైదరాబాదు నుంచి చేస్తాను, డెలివరీ కోడు మాత్రం నిర్మల్ వెళ్తుంది. సిలిండరు గేటు దగ్గర దిగ్గానే అమ్మ తన ఫోను తీసి, నేనెప్పుడో ఎక్కించిన "నాన్న" అన్న పేరు నొక్కుతుంది. అతను ఎత్తి కోడు చదువుతాడు. రెండు, రెండుగా విరుస్తాడట.

మొన్న సంక్రాంతికి అందరం ఇంట్లోనే ఉన్నాం. గ్యాసబ్బాయి సిలిండరు భుజాన పెట్టుకుని నిలబడి ఉండగా, అమ్మ ఫోను స్పీకర్లో పెట్టింది. అతను కోడు చెప్పి, ఒక్క క్షణం ఆగి అడిగాడు:

"అమ్మా, గీపారి గ్యాసు జల్ది ఒడిసినట్టుందే. సుట్టాలొచ్చిన్రా?"