తాతా, మనవరాలూ, మిడతలూ

పిల్లకి సైన్సంటే ప్రాణం అని నలుగురిలో చెప్పుకోవడం మనకి మహా సరదా. ఆ ప్రాణం మార్కుల కాగితం మీద ఉన్నంతవరకేనండీ. అది సీసాలో పడి, ఆ సీసా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చేరిందంటే మాత్రం ఇంట్లో కురుక్షేత్రమే. మా అమ్మాయి సీసాలో ఉన్నది మిడత. పక్కనే నోటుబుక్కు, అందులో దాని పొడవు, రంగు, దొరికిన వేళ.

ఇదంతా జాక్వెలిన్ కెల్లీ రాయగా 2009లో అచ్చయిన 'ది ఎవల్యూషన్ ఆఫ్ కాల్పూర్నియా టేట్' నవల చలవ. ఆవిడ ముందు డాక్టరు, తర్వాత లాయరు. రోగాలూ తగువులూ రెండూ చూసిన మనిషి కనకే ఉమ్మడి కుటుంబం గురించి అంత బాగా రాసిందని నా అనుమానం.

కథ 1899 నాటిది. ఊరు టెక్సాస్‌లోని ఫెంట్రెస్. పక్కనున్న పట్నం లాక్‌హార్ట్, ఆస్టిన్‌లో ఉండే మనవాళ్ళు బార్బెక్యూ కోసం కార్లేసుకుని వెళ్ళే ఊరే. పదకొండేళ్ళ కాల్పూర్నియాకి, అంటే కాలీకి, పైన ముగ్గురన్నలు, కింద ముగ్గురు తమ్ముళ్ళు. ఎండలు భరించలేక, అమ్మ కంటపడకుండా జుట్టు కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటుంది. ఒక్కసారే కత్తిరిస్తే విప్లవం, అంగుళం చొప్పున అయితే పరిణామం. డార్విన్‌ని చదవకముందే పిల్లకి ఆ కిటుకు తెలుసు.

ఆ ఏడు వానల్లేవు. గడ్డి ఎండిపోయింది. మిడతల్లో కొన్ని పచ్చగా చిన్నవి, కొన్ని పసుప్పచ్చగా పెద్దవి. ఎందుకలా? తాతని అడుగుతుంది. ఈ కెప్టెన్ వాల్టర్ టేట్ అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడినవాడు. పత్తి జిన్ను కొడుక్కి ఒప్పజెప్పి, పెరట్లో షెడ్డులో కూర్చుని పెకాన్ కాయల నుంచి సారా తీయాలని చూస్తుంటాడు. ఆయన జవాబు చెప్పడు, నువ్వే ఆలోచించుకో పొమ్మంటాడు. డార్విన్ పుస్తకం కోసం వెళితే లాక్‌హార్ట్ లైబ్రరీలో ఇవ్వరు. ఇక గడ్డిలో కూచుని చూడగా చూడగా పిల్లకే తడుతుంది: ఎండిన గడ్డిలో పచ్చ మిడత పిట్ట కంట్లో ఇట్టే పడుతుంది, పసుపుది గడ్డిలో కలిసిపోయి, తిని, దర్జాగా లావెక్కుతుంది. అప్పుడుగానీ తాత తన సొంత డార్విన్‌ని బీరువాలోంచి తీసివ్వడు.

నాకు బాగా నవ్వొచ్చింది తమ్ముడు ట్రావిస్‌ని చూసి. థాంక్స్‌గివింగ్ పండక్కి కోయడానికి పెంచమని టర్కీ కోళ్ళు అప్పజెబితే, వాటికి పేర్లు పెట్టేశాడు. సంక్రాంతికని పెంచిన పుంజుకి పిల్లాడు పేరు పెట్టాక దాన్ని ముట్టుకోగలరేమో చూడండి!

తల్లి దుష్టురాలేం కాదు. ఏడుగురు పిల్లల్లో ఒక్కగానొక్క ఆడపిల్లకి వంటా అల్లికా నేర్పాలని ఆవిడ తాపత్రయం. క్రిస్మస్‌కి కాలీకి బహుమతిగా వచ్చింది గృహిణీ శాస్త్రం పుస్తకమట. పిల్లకి శాస్త్రమంటే ఇష్టమన్నారు కదా, అదీ శాస్త్రమే! ఇటు మన 'కన్యాశుల్కం' 1897లోనే అచ్చయింది. ఆ రోజుల్లో ఇక్కడైతే కాలీ ఈడు పిల్లకి మెళ్ళో తాళి పడేది, మిడతల రంగు చూసే తీరికెక్కడ?

తాతా మనవరాలూ కలిసి ఒక కొత్త మొక్కని కనిపెట్టి స్మిత్‌సోనియన్ సంస్థకి పంపిస్తారు. కాలీ కాలేజీకి వెళుతుందా అన్నది మాత్రం రచయిత్రి తేల్చదు. తేల్చకపోవడమే నిజాయితీ అనిపించింది నాకు.

రిటైరై టీవీ ముందు కూర్చున్న తాతలకొక మనవి. ఈ పుస్తకం ముందు మీరు చదవండి. మనవరాలు ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పెయ్యకండి. సారా ప్రయోగం జోలికి మాత్రం పోకండి, ఆ నవల్లోనూ అది సరిగా కుదరలేదు.