దొంగ సాక్ష్యానికి తీసుకోవలసిన జాగ్రత్తలు

వెబ్‌సైటు పెట్టిన ప్రతివాడికీ ఏదో ఒక రోజు ఒక ఉత్తరం వస్తుంది. మీ సైటు చూశాం, అద్భుతంగా ఉంది, మా పాఠకులకు ఎంతో ఉపయోగం, మీరు మాకొక లింకు ఇస్తే మేమూ మీకొకటి ఇస్తాం, ఉభయులకూ లాభం. ఇంతగా పొగిడిన సైటు వంటలదో వాస్తుదో మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా ఉండదు. అది రాస్తే అదే ఉత్తరాన్ని ఇంకో వెయ్యిమందికి పంపడం కుదరదు కదా. ఈ బేరానికి తలూపేవాళ్ల కోసం ఒక శాస్త్రమే తయారైంది: లింకులు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గోతిలో పడకుండా ఉండడం ఎలా అని. అమీర్‌పేట డిజిటల్ మార్కెటింగ్ కోర్సుల నుంచి అమెరికా సలహాదారుల దాకా ఎస్‌ఈఓ, అంటే సెర్చ్ ఫలితాల్లో సైటును పైకి తెచ్చే విద్య, నేర్పేవాళ్లందరి దగ్గరా ఈ జాగ్రత్తల జాబితా ఉంటుంది. దాన్ని ఒకసారి శ్రద్ధగా చదివితే చాలు, ఆ పని ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీ విషయానికి దగ్గరగా ఉన్న సైటుతోనే లింకు మార్చుకోండి అంటుంది మొదటి జాగ్రత్త. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంది. కానీ కారణం ఏమిటయ్యా అంటే, పాఠకుడికి పనికొస్తుందని కాదు, గూగుల్‌కు అనుమానం రాదని. ‘మా భాగస్వాములు’ అని విడిగా పేజీ పెట్టకండి, వ్యాసం మధ్యలో ఏదో మాటవరసకు గుర్తొచ్చినట్టు దూర్చండి. అందరి చేతా ఒకే మాట మీద లింకు పెట్టిస్తే దొరికిపోతారు, మాటలు మార్చండి. ఒక్క వారంలో యాభై లింకులు పుట్టుకొస్తే బాగుండదు, నెలల తరబడి విడతలుగా పెట్టించుకోండి. నువ్వు నాకు, నేను నీకు అంటే మరీ పచ్చిగా కనిపిస్తుంది కనుక మూడోవాణ్ణి కలుపుకోండి: మీరు వాడికి, వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు మీకు. ఇన్ని చెప్పిన జాబితాలో అవతలి సైటులో రాసింది నిజమేనా, అది చదివినవాడికి మేలా కీడా అన్న ప్రశ్న ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

జాబితాలో రెండో సగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. అది గూగుల్ నుంచి తప్పించుకోవడం గురించి కాదు, చేయి కలిపిన మిత్రుడి నుంచి తప్పించుకోవడం గురించి. మీకిచ్చిన లింకుకు అతను ‘నోఫాలో’ తగిలించాడేమో చూసుకోండి. ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే గుర్తు అది. స్పామ్ బెడద తట్టుకోలేక గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ కలిసి 2005లో తెచ్చాయి. మీ లింకున్న పేజీలోకి సెర్చ్ ఇంజిన్ అడుగుపెట్టకుండా రోబోట్స్ ఫైలులో అడ్డం పెట్టాడేమో వెతకండి. నెల తిరిగేసరికి చడీచప్పుడు లేకుండా లింకు పీకేశాడేమో కనిపెట్టండి. ఈ కాపలా పనికి సాఫ్ట్‌వేర్లు కూడా అమ్ముతున్నారు. లోకం ముందు ఒకరికొకరు పూచీ పడబోతున్న ఇద్దరు పెద్దమనుషులు ముందుగా చేసే పని, అవతలివాడు తనను ముంచుతాడేమోనని తడిమి చూసుకోవడం! ఒకరి నిజాయితీ మీద ఒకరికి ఉన్న ఈ నమ్మకాన్నే మరుక్షణం పాఠకుడికి సిఫారసుగా అందిస్తారు.

ఇంతకీ ఆ నీలిరంగు గీతకు ఇంత గిరాకీ ఎందుకొచ్చింది? పరిశోధకుల లోకంలో ఒక పాత అలవాటుంది. ఒక పత్రాన్ని ఎంతమంది ఉదహరించారో లెక్కబెట్టి దాని బరువు తూచడం. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో ఆ లెక్కను ఒక వ్యవస్థగా నిలబెట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్, వారి సహచరులు 1998లో అదే ఊహను వెబ్‌కు అన్వయించి పేజ్‌ర్యాంక్ తయారుచేశారు. లింకు అంటే ఒక సైటు ఇంకో సైటు గురించి ఇచ్చే సాక్ష్యం. విలువైన సాక్షి మాటకు విలువ ఎక్కువ. నిజంగా అందమైన ఆలోచన. వ్యాపారుల పన్నాగాలకు ఈ పద్ధతి దాదాపు లొంగదని కూడా వాళ్లు తమ నివేదికలో ధీమాగా రాసుకున్నారు. మహా అయితే పెద్ద సైట్ల మీద ప్రకటనల రూపంలో లింకులు కొంటారు, దానికి డబ్బవుతుంది కాబట్టి అది అదుపులోనే ఉంటుందని వాళ్ల లెక్క. చేతి నుంచి పైసా తీయకుండా పని జరుపుకునే దారి ఒకటుంటుందని అంతటి గణితజ్ఞులకూ తట్టలేదు! ఆ మాటకొస్తే వాళ్లు నమ్మకంతో అరువు తెచ్చుకున్న పరిశోధకుల లోకమే అంత పవిత్రంగా లేదు. మాట్లాడుకుని ఒకరినొకరు ఉదహరించుకుంటున్నాయని తేలడంతో 2013లో బ్రెజిల్‌కు చెందిన 4 జర్నళ్లకు ఉదహరింపుల లెక్కతో ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను థామ్సన్ రాయిటర్స్ నిలిపేసింది. డాక్టరేట్లు ఉన్నవాళ్లే అలా చేస్తే కుంకుమపువ్వు అమ్ముకునే సైటువాడిని అని ఏం లాభం?

సాక్ష్యానికి మార్కులు వేయడంతో గూగుల్ ఊరుకుని ఉంటే కొంత నయంగా ఉండేది. 2000లో బ్రౌజర్ టూల్‌బార్‌లో ప్రతి పేజీకీ సున్నా నుంచి పది దాకా పేజ్‌ర్యాంక్‌ను ఆకుపచ్చ గీతతో చూపించడం మొదలుపెట్టింది. ధర చీటీ అంటించాక సంత పుట్టకుండా ఉంటుందా? ఆరు మార్కుల సైటు లింకుకు ఒక రేటు, నాలుగు మార్కుల సైటుకు ఇంకో రేటు, రెండు మార్కులవాడు తనలాంటి రెండు మార్కులవాడితో మార్పిడి. ఆ గీతను 2016లో తీసేసినా సంత లేచిపోలేదు. ఇప్పుడు మాజ్ అనే సంస్థ ఇచ్చే డొమైన్ అథారిటీ అంకెను పట్టుకుని బేరాలాడుతున్నారు. ఆ అంకెను తాము వాడమని గూగుల్ చెబుతూనే ఉంది. పరీక్ష పెట్టేవాడు చూడని మార్కుల కోసం ఇంత కాపీ కొట్టడం వేరే ఏ రంగంలోనూ జరగదనుకుంటా.

ఈ సంతలో పెద్దవాళ్లు పట్టుబడ్డ కథలూ ఉన్నాయి. అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ జేసీ పెన్నీ 2010 పండుగ సీజనంతా దుస్తుల నుంచి పరుపుల దాకా ఏది వెతికినా పైనే కనిపించేది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ తవ్వి చూస్తే, ఏ సంబంధమూ లేని సైట్ల మీద వేలకొద్దీ లింకులు బయటపడ్డాయి. వాటిలో అణు ఇంజినీరింగ్ సైటు కూడా ఉంది. అణు రియాక్టర్ల గురించి చదువుతున్నవాడికి గౌన్లు కొనుక్కోవాలని ఎందుకు అనిపించాలో ఆ లింకు పెట్టినవాడికే తెలియాలి. గూగుల్ కొరడా తీసిన రెండు గంటల్లో ఒక సూట్‌కేసు వెతుకులాటలో ఆ సంస్థ మొదటి స్థానం నుంచి 71కి జారింది. లింకుల సంగతి తమకు తెలియదని చెప్పి సంస్థ తన ఎస్‌ఈఓ ఏజెన్సీని సాగనంపింది. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ ఈ దండన పనిని యంత్రానికి అప్పజెప్పింది. ఆ తరువాత సంబరం చూడాలి. నిన్నటిదాకా మా లింకు పెట్టండి మహాప్రభో అని ఉత్తరాలు రాసినవాళ్లే మా లింకు తీసేయండి మహాప్రభో అని రాయడం మొదలుపెట్టారు. కొన్ని డైరెక్టరీ సైట్లయితే తీయడానికీ రుసుము అడిగాయి. సాక్ష్యం చెప్పడానికి ఒక ధర, చెప్పలేదనడానికి ఇంకో ధర. ఆ ఏడాది అక్టోబరులో గూగుల్ ఈ లింకులతో నాకు సంబంధం లేదని రాసిచ్చే సదుపాయం కల్పించాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రెండు మంచి సైట్లు ఒకదాన్నొకటి ప్రస్తావించుకోవడం తప్పా? కాదు. వరి తెగుళ్ల గురించి రాసే సైటు వాతావరణం గురించి రాసే సైటును చూడమంటుంది, అదీ దీన్ని చూడమంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గూగుల్ నిబంధన కూడా ‘అతిగా’ మార్చుకోవడాన్నే తప్పు పడుతుంది. సెర్చ్ ఇంజిన్లే లేకపోతే ఈ పని చేసేవాడివా అని వాళ్లే ఒక గీటురాయి ఇచ్చారు, అది సరిపోతుంది. అసలు ఇచ్చిపుచ్చుకోవడంలోనే దోషం లేదు. మన పెళ్లిళ్లలో చదివింపులు అచ్చంగా అదే: వాళ్లు మనకు ఎంత చదివించారో పుస్తకం తీసి చూసుకుని మనం వాళ్లకు అంత చదివిస్తాం. కానీ ఆ పుస్తకం పందిట్లో అందరి ముందూ ఉంటుంది, పేరూ అంకే మైకులో వినిపిస్తాయి, ఆ పద్దు చూసి పెళ్లికొడుకు గుణగణాలు తేల్చేవాడెవడూ ఉండడు. వెబ్‌లోనూ అలా బాహాటంగా జరిగిన రోజులున్నాయి. 1990లలో వెబ్‌రింగులు ఒక అభిరుచి ఉన్న సైట్లన్నిటినీ గొలుసుగా కలిపేవి, కింద ఆ సంగతి రాసి ఉండేది. 1996లో మొదలైన లింక్ ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ సైట్ల మధ్య బ్యానర్ ప్రకటనల మార్పిడి నడిపింది; రెండేళ్లకే మైక్రోసాఫ్ట్ దాన్ని సుమారు 26.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. చూసేవాడికి అది ప్రకటన అని తెలుసు. ఇప్పటి మార్పిడిలో జాగ్రత్తలన్నీ ఆ ఒక్క సంగతి తెలియకుండా ఉంచడానికే.

చిన్నవాళ్లం, ప్రకటనలకు డబ్బు లేదు, ఇది కూడా చేయకపోతే మమ్మల్ని ఎవరు చూస్తారు అని ఇంకో మాట. జాలిపడాల్సిన మాటే, కానీ లెక్కకు నిలవదు. పేజ్‌ర్యాంక్‌లో ఒక పేజీ తనకున్న విలువనే తన లింకులకు పంచుతుంది. ఎవరూ చూడని రెండు సైట్లు చేతులు పట్టుకుంటే, ఎవరూ చూడని రెండు సైట్లు చేతులు పట్టుకుని నిలబడతాయి. పైగా బయటికి లింకు లేకుండా ఇద్దరే ఒకరికొకరు లింకులిచ్చుకుని తిరిగే వలయం లెక్కను పాడుచేస్తుందని, పన్నాగంగా కాకపోయినా లెక్కలో చిక్కుగా 1998 నివేదికలోనే ప్రత్యేకంగా చర్చించి, దానికి విరుగుడు కూడా లెక్కలో కలిపారు. మీ మార్పిడి తెలివికి మందు కొంతైనా మీరు సైటు పెట్టకముందే సిద్ధంగా ఉందన్నమాట. ఇటు వికీపీడియాను చూడండి. ఇంగ్లిష్ వికీపీడియా 2007 నుంచీ బయటి లింకులన్నిటికీ నోఫాలో తగిలిస్తోంది. అంటే ఎవరికీ ఏమీ తిరిగివ్వదు. అయినా ప్రపంచమంతా దానికి లింకులిస్తూనే ఉంది. వికీపీడియా మహావృక్షం, మాతో పోలికేమిటంటారా? నిజమే, కానీ అదీ ఒకప్పుడు మొలకే. అప్పుడు దానికి లింకులు తెచ్చింది ఉత్తరాలు కాదు, చదివినవాళ్లు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం గూగుల్ గురించి. దీన్ని దాటవేయడం పిరికితనమే అవుతుంది. ర్యాప్ జీనియస్ అనే పాటల సైటు, మా పాటలకు లింకులు పెట్టండి, మీ రాతలకు ట్విట్టర్‌లో ప్రచారమిస్తాం అని బేరం పెట్టి 2013 క్రిస్మస్ నాడు దండన తిన్నది. పది రోజులకే మళ్లీ పైకొచ్చింది. పేరూ పెట్టుబడీ లేని సైటుకు అంత వేగంగా క్షమాభిక్ష దొరికిన దాఖలా చూపించమంటే కష్టం. లింకులకు డబ్బివ్వడం పాపమని బోధించే గూగుల్, ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తన సెర్చే ముందుండడానికి 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికా కోర్టులో తేలింది. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా ఆ సంస్థ సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుంటోందని తీర్పిచ్చారు. కనుక గూగుల్ ధర్మరాజేమీ కాదు, దాని నిబంధనలు శాసనాలూ కావు. దాన్ని మోసం చేసినందుకు కన్నీరు కార్చాల్సిన పని ఎవరికీ లేదు. ఒప్పుకుందాం. అయితే మోసపోయేది గూగుల్ ఒక్కటేనా? పిల్లవాడికి జ్వరమొచ్చిందని అర్ధరాత్రి ఫోనులో వెతికే తల్లికీ, విత్తనం రకం తేల్చుకోలేక వెతికే రైతుకూ ఏ సైటు ముందు కనిపించాలో తేల్చడంలో ఈ సాక్ష్యాలకు పాలుంది. గూగుల్ తన వాటా పోయినా బతుకుతుంది. నకిలీ సిఫారసు నమ్మినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. న్యాయమూర్తి లంచగొండి కాబట్టి మేం దొంగ సాక్ష్యం చెప్పామంటే ముద్దాయికి ఒరిగేదేమిటి?

ఇంతా చేసి దక్కేది కూడా అంతంతే. 2016 నుంచి పెంగ్విన్ పద్ధతి మారింది. ఎక్కువ సందర్భాల్లో నకిలీ లింకుకు శిక్ష వేయడం మానేసి, దాన్ని లెక్కలోంచి తీసేసి ఊరుకుంటున్నారు. శిక్ష పడితే కనీసం పట్టుబడ్డామని తెలిసేది. ఇప్పుడు ఉత్తరాలు వెళ్తూనే ఉంటాయి, మూడు మూలల మార్పిడులు జరుగుతూనే ఉంటాయి, కాపలా సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా కడుతూనే ఉంటారు, అటువైపు లెక్కలో సున్నా పడుతూ ఉంటుంది. లింకుల కాలం అయిపోయింది, ఇకపై జనం ఏఐనే అడుగుతారు అంటున్నవాళ్లూ ఉన్నారు. అయిపోయినా ఉత్తరాలు రాసేవాళ్లకు నష్టమేమీ లేదు. చాట్‌బాట్ నోట మీ పేరు పలికిస్తామంటూ జీఈఓ అనే పేరుతో కొత్త కోర్సులూ కొత్త ప్యాకేజీలూ అప్పుడే వచ్చేశాయి. పాత ఉత్తరంలో ‘లింకు’ అన్నచోట ‘ప్రస్తావన’ అని దిద్దితే చాలు. మీ సైటు అద్భుతం అన్న మొదటి వాక్యం ఎలాగూ మార్చనక్కర్లేదు.