చొక్కా దిగిన కోతి

'కోతి మొహమా' అంటే మన వైపు తిట్టు. అదే మొహంతో అమెరికాలో ఒక కోతి పర్సు మీద నుంచి చొక్కా మీదికి, చొక్కా మీద నుంచి పైజామా మీదికి గెంతి, పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి టీవీలో కథానాయకుడైపోయింది. పేరు జూలియస్. రెండు గుండ్రటి కళ్లు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా సాగిన వెడల్పాటి నోరు, అంతే దాని ఆస్తి. ఆ మొహంలో భావం ఏమిటో చెప్పడం బ్రహ్మతరం కాదు. పిలవని పేరంటానికి వచ్చి, భోజనాల పిలుపు కోసం ఎదురుచూస్తున్న బంధువులా ఉంటుంది.

దీని పుట్టిల్లు కాలిఫోర్నియా తీరంలోని హంటింగ్టన్ బీచ్. పాల్ ఫ్రాంక్ సనిచ్ అనే కుర్రాడు ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని, మన రెక్సిన్ లాంటి వినైల్ ముక్కలతో స్నేహితులకు పర్సులు కుట్టి ఇచ్చేవాడు. 1995 ప్రాంతంలో మొదలైన ఈ సరదాకు ఇద్దరు భాగస్వాములు తోడయ్యారు, కంపెనీ పుట్టింది. అతని పేరులోంచి మొదటి రెండు ముక్కలు తీసి 'పాల్ ఫ్రాంక్' అని బోర్డు కట్టారు. కోతి బొమ్మ చొక్కాలెక్కింది. కాలేజీ పిల్లలు కొన్నారు, వాళ్లను చూసి చిన్నపిల్లలు ఏడ్చారు, ఆ ఏడుపు చూసి తల్లిదండ్రులూ కొన్నారు.

ఇక్కడి నుంచి కథ మనిషికి ఒక దారి, కోతికి ఒక దారి. 2005లో కంపెనీ పాల్ ఫ్రాంక్‌ను సాగనంపింది. పోనీ అని అతను సొంతంగా చొక్కాలు తయారుచేసి అమ్మబోతే, పాత కంపెనీ కోర్టుకెక్కింది. 'పాల్ ఫ్రాంక్' అన్న పేరును వ్యాపారముద్రగా వాడుకోవద్దని 2007లో కోర్టు చెప్పింది. ఎవరిని? పాల్ ఫ్రాంక్‌నే! బారసాలనాడు బియ్యంలో రాసిన పేరుకు కూడా ఓనర్లు వేరే ఉంటారని అప్పుడు తెలిసింది పాపం. సొమ్మొకడిది, సోకొకడిది. గీసినవాడు బయట, గీసిన కోతి లోపల.

మనిషి ఉద్యోగం పోయిన చోటే కోతికి ప్రమోషను వచ్చింది. 2010లో ఈ బ్రాండును హైమ్ సబాన్‌కు చెందిన సబాన్ బ్రాండ్స్ కొనేసింది. సబాన్ అంటే ఎవరో కాదు, జపాను వాళ్లు తీసిన పోరాట దృశ్యాలకు అమెరికా నటుల ముక్కలు అతికించి 'పవర్ రేంజర్స్' నడిపించిన ఘనుడు. నిన్న మిగిలిన అన్నానికి పోపు పెట్టి పులిహోర అనిపించగల చెయ్యి అది. అలాంటి చేతిలో కోతి పడితే ఊరికే చొక్కా మీద కూర్చోనిస్తుందా? 2013 సెప్టెంబరు 29న నిక్ జూనియర్ చానల్లో 'జూలియస్ జూనియర్' మొదలైంది.

ఆ 'జూనియర్' అన్న మాట దగ్గర తెలుగువాడికి అనుమానం రావడం సహజం. అసలు జూలియస్‌కు పెళ్లెప్పుడయింది? శుభలేఖ ఎవరికీ అందలేదే! అంతా బట్టలకొట్టు మర్మం. పెద్ద జూలియస్ పెద్దపిల్లల చొక్కాల మీద ఉన్నాడు. టీవీ చూసేది బడి మొహం చూడని పిల్లలు. వాళ్ల సైజుకు కోతిని కురచ చేశారు. ప్యాంటు పొడుగైతే అంచు మడిచి కుట్టినట్టు.

కథలో జూనియర్‌గారు కొత్త వస్తువులు కనిపెట్టే శాస్త్రజ్ఞుడు. స్నేహితులతో కలిసి అట్టపెట్టెతో ఆటల ఇల్లు కట్టుకుంటాడు, దాని తలుపు తీస్తే లోపల వింతలే వింతలు. బట్టల కంపెనీ సరుకంతా దిగేది అట్టపెట్టెల్లోనే కనుక, హీరోకు అంతకంటే తగిన ఇల్లు ఇంకెక్కడ దొరుకుతుంది? పక్కన ప్రతిదానికీ బెంగపడే ఎలుగుబంటి, క్లాన్సీ అనే జిరాఫీ. ఇవి కూడా అంతకుముందు బట్టల మీద పనిచేసిన పాత ఉద్యోగులే. కొత్తవాళ్లను తీసుకోకుండా గోదాములో ఉన్నవాళ్లతోనే నాటకం ఆడించారన్నమాట. మాట వరసకు వెక్కిరించినా, అట్టపెట్టెలో లోకాన్ని చూపించడం మంచి ఊహే. కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజున ఫ్రిజ్‌ను వదిలేసి పెట్టెలో దూరిన పిల్లలు ఏ ఇంట్లో లేరు?

అమెరికాలో ఈ ముచ్చట కొత్తదేం కాదు. 1902లో రిచర్డ్ అవుట్‌కాల్ట్ అనే చిత్రకారుడు ఒక పత్రికలో బస్టర్ బ్రౌన్ అనే అల్లరి పిల్లాడి బొమ్మల కథ మొదలుపెట్టాడు. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, ఆ పిల్లాడి పేరు వాడుకునే హక్కును కనిపించిన కంపెనీకల్లా అమ్మాడు. వాటిలో ఒకటి చెప్పుల కంపెనీ. దశాబ్దాలు గడిచాక ఆ చెప్పుల పేరుమీదే రేడియో కార్యక్రమం, 1950 నాటికి టీవీ కార్యక్రమం వచ్చాయి. అందులో ఏనుగు మీద తిరిగే గంగా రామ్ అనే భారతీయ బాలుడి కథలు కూడా చూపించారు. అమెరికా పిల్లలకు బూట్లు అమ్మడానికి మన గంగారాముడు అడవుల్లో అంత కష్టపడ్డాడని మనకెవరూ చెప్పనేలేదు. అతని కాళ్లకు ఓ జత ఇచ్చారో లేదో!

జపాను పిల్లి 'హలో కిట్టీ' కథ ఇంకా విడ్డూరం. 1974లో పుట్టిన ఆ బొమ్మకు నోరే గీయలేదు. మొదట చిల్లర పర్సు మీద కూర్చుంది. ఆ నోరు లేని జీవి చేత 1987లో అమెరికా కార్టూనులో గడగడా మాట్లాడించారు. అమ్మకాలు బాగుంటే మూగదానికి మాటలు రావడం ఎంతసేపు?

2010లో మాత్రం పెద్దల ఓపిక నశించింది. స్కెచర్స్ బూట్ల ప్రకటనల్లో తిరిగే ముగ్గురు వీరులను పెట్టి 'జీవో-3' అనే సీరియల్ తీశారు. వీరుల పేర్లు జడ్-స్ట్రాప్, ఎలాస్టికా, కూల్ బ్రీజ్. పేర్లు వింటుంటే యుద్ధానికి బయల్దేరినట్టు ఉండదు, పండక్కి బూట్లు కొనబోయినట్టు ఉంటుంది. పిల్లల మీదికి వ్యాపారాన్ని వదలొద్దని పోరాడే ఒక సంఘం, ఇది అరగంట ప్రకటనేనంటూ ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంఘానికి ఫిర్యాదు చేసింది. అక్కడ 1990 నాటి చట్టం ఒకటుంది. పిల్లల కార్యక్రమాల్లో గంటకు మామూలు రోజుల్లో 12 నిమిషాలు, శని ఆదివారాల్లో పదిన్నర నిమిషాలు మించి ప్రకటనలు వేయకూడదు. కార్యక్రమంలోని బొమ్మకు చెందిన సరుకును మధ్యలో ప్రకటిస్తే, కార్యక్రమం మొత్తాన్నీ ప్రకటన కిందే లెక్కేస్తారు. కనుక విరామంలో ఆ బూటును చూపిస్తే తప్పు. బూటు పేరే పెట్టుకున్న వీరుడు కథంతా ఎగిరి గంతులేస్తే తప్పు లేదు! పాలల్లో నీళ్లు కలిపితే నేరం, నీళ్లల్లో పాలు కలిపితే వ్యాపారం. సీరియల్ నిక్షేపంగా ప్రసారమైంది.

మన హైదరాబాదు ఈ విషయంలో పాత పద్ధతే పాటించింది. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ సంస్థలో తయారైన ఛోటా భీమ్ 2008లో ముందు పోగో చానల్లో లడ్డూలు తిన్నాడు, బాగా బలిశాక చొక్కాల మీదికి, బడిసంచుల మీదికి ఎక్కాడు. అంటే మనవాడు టీవీలోంచి కొట్టుకు నడిచాడు, జూలియస్ కొట్టులోంచి టీవీకి నడిచాడు. తండ్రి జేబుకు మాత్రం ఇద్దరూ ఎదురైంది ఒకే చోట, బిల్లు కౌంటరు దగ్గర.

కోతిగారి నట జీవితం రెండు సీజన్లతో ముగిసింది. చొక్కాల ఉద్యోగం ఇంకా చేస్తోంది.