బీరపాదు వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: "ఏమండీ, బీరపాదుకి మళ్ళీ పిందెలు రాలిపోతున్నాయి, సాయంత్రం పూట కాస్త చూడరాదూ!"

అవతారిక: రఘువంశాది కావ్యములకు సంజీవనీ వ్యాఖ్యను రచించిన కోలాచల మల్లినాథసూరి, మూలములో లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమును మాత్రమే పాటింపగలనని పాఠకులకు ముందుగనే విన్నవించుకొనుచున్నాను. ఏలయన తోటను గూర్చి నోరు విప్పినవానికి అక్కఱలేని విషయమనునది లోకమున ఉండదు. మృగశిర కార్తెలో నాటిన విత్తు మొలచి, తీగ సాగి, మిద్దెమీది పందిరికెక్కి, ఇరుగుపొరుగువారి కన్ను కుట్టునంత పచ్చగా అల్లుకొని, పూతకు కొదువ లేక కాయకు మాత్రమే కొదువయైయున్న శ్రావణమాసమున, ఈ వాక్యము ఉదయపు కాఫీతోపాటు గృహయజమానునకు అందింపబడినది. వక్త గృహిణి. శ్రోత, తోటకు తానే కర్తనని నలుగురిలో చెప్పుకొను భర్త.

టీక: ఏమండీ – సంబోధనము. ఇది పేరు కాదు, వరుస కాదు. ఐనను ఇంటిలో ఎందఱు పురుషులున్నను ఒక్కనియందే అన్వయించును. ఇందలి దీర్ఘమును బట్టి విషయగౌరవము నెఱుగవలెను. పాలవాని బాకీని గూర్చిన 'ఏమండీ' కంటె పాదును గూర్చిన 'ఏమండీ' రెండు మాత్రలు దీర్ఘతరము.

బీరపాదుకి – వేళ్ళచుట్టు నీరు నిలుచుటకై త్రవ్విన గుంట పాదు. ఇచట పాత నూనెడబ్బాయే పాదు. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాను పాదనుట గృహిణి ఔదార్యము.

మళ్ళీ – వాక్యమునకు ఇది మర్మస్థానము. వెనుకటి ఏట సొరపాదు రెండాకుల ప్రాయముననే ఎఱ్ఱ పెంకుపురుగుల వాతబడి ఆకులు జల్లెడలగుటయు, మంచు ఆఱకమునుపే బూడిద చల్లవలసినవాడు దుప్పటి విడువకుండుటయు, అంతకు ముందటేట వంగమొక్కల కొనలు తలలు వాల్చగా నీరు చాలలేదని బిందెలకొలది క్రుమ్మరించిన పిదప, వాడిన కొమ్మను చీల్చిచూడగా లోపల పురుగు సుఖముగ కాపురముండుటయు, ఈ రెండక్షరములలో ఇమిడియున్నవి. నిందావాచకమొక్కటియు లేకయే నింద సమగ్రముగ ధ్వనించుటచే ఇది ఉత్తమకావ్యమని నా మతము. కోతుల ప్రసంగము మూలమున లేదు గావున దానిని వదలివేయుచున్నాను. అది వేఱొక కాండమునకు సరిపోవును.

పిందెలు రాలిపోతున్నాయి – ఇందు మతభేదములు పెక్కు. నీరు చాలకపోవుటయే హేతువని ఎదురింటివారు. యూరియా పిడికెడు వేసినచో సర్వము సర్దుకొనునని ఎరువుల కొట్టువాడు. దిష్టి తగిలినది, పందిరికి పాతచెప్పు కట్టుడని ప్రక్కింటి పెద్దమ్మగారు. వీనిలో మూడవది నిరపాయకరము గావున ఖండింపను. రెండవది మాత్రము ఖండనార్హము: నత్రజని మితిమీఱినచో ఆకును మగపూతయును పెచ్చుపెరుగునే గాని పిందె నిలువదు. మఱి ప్రమాణమేది? రాలిన పిందెను తెచ్చి, చాకుతో నిలువున చీల్చి చూచుటయే ప్రత్యక్షప్రమాణము. పైతొక్కపై సూదిమొనయంత గాటును, దానిచెంత జిగురుబొట్టును, లోన తెల్లని పురుగులును ఉన్నచో అది పండుఈగ పని. అట్టి పిందెలను ఏఱి లోతుగ పాతిపెట్టవలెను, పాదు మొదటనే విడిచినచో ఆ పురుగులు మట్టిలో దాగి మఱల ఈగలై పైకి వచ్చును. లోన ఏమియు లేక, పిందె పసుపుబాఱి ముడుచుకొనిపోయినచో, పుప్పొడి అందలేదని ఊహింపవలెను. ప్రకృతమున చీల్చిన పిందెలలో పురుగు లేదు.

సాయంత్రం పూట – భర్త ఆఫీసునుండి ఇల్లు చేరు వేళ యని కొందఱు వ్యాఖ్యానించిరి. అది స్థూలదృష్టి. గుమ్మడి, కాకర, దోస ఉదయమున పూచును. బీరకు చుట్టమైన నేతిబీరయు తెల్లవాఱుచుండగనే విచ్చును. బీరపూవు మాత్రము ప్రొద్దు వాలిన పిదపనే కన్ను తెఱచును. ఉదయమున చెంబుతో నీరు పోసి, వార్తాపత్రికకై వడివడిగ దిగిపోవు మగవానికి ఈ రహస్యము తెలియు దారియే లేదు. ఇంటింట దీపములు వెలుగు వేళ పందిరి క్రింద నిలిచి చూచినచో, గుత్తికి ఒకటి రెండుగ విచ్చిన లేతపసుపు మగపూలును, ఆ కణుపుననే ఒంటరి కాడపై, తన అడుగున వ్రేలెడంత పిందెను మోసికొని నిలిచిన ఆడపూవును కానవచ్చును. ఆ పిందెను చూచి కాయ నిలిచినదని చుట్టములకు వార్త పంపువారు కలరు. అది ఇంకను కాయ కాదు, కాయ కాగోరు అభ్యర్థి మాత్రమే. చీకటిపడు వేళ మూడవ అంతస్తుకు తేనెటీగ అరుదుగ వచ్చును. కావున మగపూవును త్రుంచి, ఐదు రేకులను వెనుకకు మడిచి, పుప్పొడి వ్రేలికంటుచున్నదని రూఢిపఱచుకొని, ఆడపూవు నడిమి కీలాగ్రమున మెల్లగ అద్దవలెను. గట్టిగ రుద్దినచో కీలాగ్రము నలిగిపోవును. ఈ శాస్త్రమంతయు ఎఱిగియే గృహిణి ఈ పదమును ప్రయోగించినదా, కాకతాళీయమా యను శంకకు తావు లేదు; ఆమె రోజును ఆ వేళనే ఆఱిన బట్టలు తీయుటకు మిద్దెయెక్కును.

కాస్త – పరిమాణవాచకము. తీగకు త్రాడు కట్టుట, పండుటాకులు గిల్లుట, క్రింద ఊడ్చుట ఇందే చేరును.

చూడరాదూ – ప్రశ్నవలె తోచు విధి. చూచి ఊరకుండుట దీనికి అర్థము కాదు.

తాత్పర్యము: ఓ నాథా, నీరు నీవు రెండుపూటల పోసినను ఫలము లేదు, పూవునకు పూవు అద్దుము.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్యను సాయంకాలమున పఠించుటవలన పిందె నిలువదు, పఠనము మాని పందిరికడకు పోవలెను. అట్లు పోయినవానికి వారము పది దినములలో పదికోణముల లేతకాయ చేతికందును. వండుటకు ముందు చిన్నముక్కను నాలుకకు తాకించి, చేదైనచో మొగమాటము లేక పాఱవేయవలెను, ఆ చేదు కడుపునకు కీడు. తియ్యనిదైనచో కాయ పప్పునకు, చెక్కు పచ్చడికి. తొలికాయయను అభిమానముచే, వచ్చినవారికెల్ల చూపుటకై దానిని తీగపైననే వ్రేలాడనిచ్చినచో పీచుకట్టిపోవును. అట్టిదానిని కోయక ఎండనిచ్చి, నల్లని గింజలను వచ్చు మృగశిరకు దాచి, పీచును గిన్నెలు తోముటకు వాడుకొనవలెను. ఆ తోమువారెవ్వరను విషయమై గృహిణీవాక్యము మఱొకటి కలదు. దానికి వ్యాఖ్య ఇంకను వ్రాయబడలేదు.